గిన్నె అరిగితే పారేయాలా, బాగు చేయించాలా? మన వంటింటి లోహాల కథ



నాగలి కొనేటప్పుడు ఎన్నేళ్లు వస్తుందా అని చూస్తాం. గిన్నె దగ్గరికొచ్చేసరికి మెరుపు, ధర మాత్రమే చూస్తున్నాం. మన పెద్దోళ్ల లెక్క వేరుగా ఉండేది.

మొదట్లో అన్నానికి మట్టికుండ, పులుసుకు రాచ్చిప్ప, వేపుడుకు ఇనుప మూకుడు. కాస్త కలిగినోళ్ల ఇంట్లో ఇత్తడి, రాగి, కంచు. ఇత్తడిలో రాగి ఉంటుంది. చింతపండు, మజ్జిగ లాంటి పులుపు తగిలితే చిలుము పడుతుంది. అందుకే లోపల తగరం పూత. కళాయి పెట్టేవాడు ఊరికొచ్చి, కొలిమిలో గిన్నె కాల్చి, నవసారం చల్లి, తగరం కరిగించి గుడ్డతో రుద్దేవాడు. పూత పోతే మళ్లీ పెట్టించుకునేవాళ్లు. సొట్ట పడితే తీయించేవాళ్లు, చిల్లు పడితే మాటు వేయించేవాళ్లు. కరువొస్తే అదే బిందె తాకట్టుకూ పనికొచ్చేది. అంటే వంటసామాను ఇంటి ఆస్తి కూడా.

తర్వాత సత్తుగిన్నె వచ్చింది. 1886 దాకా అల్యూమినియం తయారీ చాలా ఖర్చు. ఆ ఏడాది అమెరికాలో హాల్, ఫ్రాన్సులో ఎరూ, ఎవరికి వారే కరెంటుతో దాన్ని చవగ్గా తీసే పద్ధతి కనిపెట్టారు. 1898లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంగ్లీషాయన మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో అల్యూమినియం గిన్నెల తయారీ మొదలుపెట్టించాడు. తేలిక, చవక, కళాయి అక్కర్లేదు. పేదింటికి అది మేలే చేసింది. కానీ పులుపుకు ఆ లోహం కూడా కొంచెం కొంచెం కరుగుతుంది. పులుసు, పచ్చడి అందులో నిలవ ఉంచకూడదు.

స్టీలు కథ ఇంకో రకం. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు అరక్కుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతుంటే, తుప్పు పట్టని ఉక్కు దొరికింది. అందులో కలిపిన క్రోమియం పైన కంటికి కనపడని పొరగా ఏర్పడుతుంది. గీత పడినా ఆ పొర తనంతట తానే మళ్లీ కడుతుంది. కళాయివాడి పని ఆ లోహమే చేసుకుంటుందన్నమాట! ఊళ్లకు స్టీలు వచ్చాక కళాయివాడి కేక వినపడటం తగ్గిపోయింది.

1938లో అమెరికాలో టెఫ్లాన్ కనిపెట్టారు. దాంతోనే నాన్‌స్టిక్ పెనాలు వచ్చాయి. పూత లేచిపోతే చాలావరకు ఆ పెనం పని అయిపోయినట్టే.

ఈ కథంతా చూస్తే మన్నిక అంటే గట్టిగా ఉండటం ఒక్కటే కాదు, పాడైతే మళ్లీ బాగుపడటం కూడా. అందుకే నా మాట ఇది. రోజువారీ వంటకు అడుగు మందంగా ఉన్న 304 రకం స్టీలు తీసుకోండి. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలే అనుకోవద్దు, నాసిరకం 200 సిరీస్ కూడా చాలావరకు అంటుకోదు. గిన్నె మీద ముద్ర, బిల్లు చూసుకోండి. దోసెకు, వేపుడుకు ఇనుమే. కడిగి, తుడిచి, నూనె రాస్తే తరాలు వస్తుంది.

ఇక అటక మీది ఇత్తడి గుండిగల్ని పాతసామాను బండికి తూకానికి వేయకండి. కళాయి పెట్టించండి. ఒక్క జాగ్రత్త: తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, ఖాళీ గిన్నెను పొయ్యి మీద వదలొద్దు.

మీ దగ్గర ఇంకా కళాయి పెట్టేవాళ్లుంటే ఏ ఊళ్లో ఉన్నారో చెప్పండి. నలుగురం పని ఇస్తేనే ఆ విద్య నిలబడుతుంది.