కట్ట మీది చాకిరి

గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్లే దారిలో ఫిరంగిపురం ఉంది. 1409 నాటి శాసనం ఒకటి అక్కడ దొరికింది. కొండవీటి రెడ్డిరాజు పెదకోమటి వేముడి రాణి సూరాంబిక సంతానసాగరం అనే చెరువు తవ్వించిందని అందులో ఉంది. ఆ శాసన పద్యాలు కట్టినవాడు ఆస్థానంలో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడు. ఆరేళ్లు తిరగకుండానే, 1415లో, పక్కనే అమీనాబాదులో మరో శాసనం వేశారు. రాజు కొడుకు రాచవేముడు అదే చెరువుకు జగనొబ్బగండ కాలువ తవ్వించాడట. పురిటికి కూడా పన్ను కట్టమన్నాడని కథల్లో జనం ఇప్పటికీ తిట్టిపోసే రాచవేముడే ఇతను. చెరువు తవ్వాక, దాన్ని నింపే దారి కోసం ఇంకో తరం పూనుకోవలసి వచ్చిందన్నమాట.

తవ్వించినవాళ్ల పేర్లు ఇలా రాళ్లకెక్కాయి. ఏటా కట్ట మీద కంప కొట్టినవాళ్లకు, పూడిక ఎత్తినవాళ్లకు, తూములో నాచు లాగినవాళ్లకు శాసనాలు లేవు. అయినా చెరువులు వందల ఏళ్లు బతికాయంటే ఆ పని ఎవరో ఒకరు చేశారనే కదా. కడప, కర్నూలు సీమల్లో అందుకు దశబంధం అనే ఏర్పాటు ఉండేది. చెరువు తవ్వినవాడికో, మరమ్మతు చూసేవాడికో ఆయకట్టులో కొంత భూమి, లేదా శిస్తులో కొంత వాటా ఇనాముగా ఇచ్చేవారు. పని మానేస్తే ఇనాముకు ఎసరు వచ్చేది. మట్టిపని వడ్డెర్లది, ఉప్పర్లది. కాపలా నీరటికాడిది.

నీరటికాడి చూపంతా కట్ట వెలుపలి అడుగున ఉండేది. వానల రాత్రుళ్లు లాంతరు పట్టుకుని అక్కడే తిరిగేవాడు. ఊట తేటగా వస్తే అంత భయం లేదు. బురదగా వస్తే మాత్రం లోపల మట్టి కోసుకుపోతోందని అర్థం, ఊరిని లేపాల్సిందే. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు కోసం 1369లో వేయించిన శాసనం చెరువుకు ఆరు దోషాలు చెబుతుంది. కట్ట నుంచి నీరు కారడం వాటిలో ఒకటి. చెట్టు కూడా అలాంటి ప్రమాదమే. కట్ట మీద మొలిచిన తుమ్మ పచ్చగా ఉన్నంతకాలం మట్టిని పట్టి ఉంచినట్టే కనిపిస్తుంది. అది చచ్చి వేరు కుళ్లిందంటే, వేరున్నంత మేరా బొరియ మిగులుతుంది. చెరువు నిండగానే నీరు ఆ బొరియనే వెతుక్కుంటుంది. బుంగ పడేది, గండి కొట్టేది అలాగే.

వందల ఏళ్లు నిలిచిన అలాంటి చెరువుల్లో ఒకటి, నల్లమల నుంచి దిగే గుండ్లకమ్మను రెండు కొండల సందున ఆపి కట్టిన కంభం చెరువు. విజయనగర రాణి వరదరాజమ్మ కట్టించిందని జనం చెప్పుకుంటారు. బ్రిటిషు కాలపు ఇంపీరియల్ గెజిటీరు లెక్కలో కట్ట ఎత్తు 57 అడుగులు, పరీవాహక ప్రాంతం 430 చదరపు మైళ్లు, నేరుగా తడిసే నేల దాదాపు 10,300 ఎకరాలు. కంభం అప్పట్లో కర్నూలు జిల్లాలోది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ సంస్థ ఈ చెరువును ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. గర్వించాల్సిన మాటే. అయితే ఆ గుర్తింపు పూడిక తీయదు.

కంపెనీ పాలనలో పెద్ద పనులు ఇంజనీర్ల చేతికి వెళ్లాయి, చిన్న పనులు రైతులవేనన్నారు. మద్రాసు రాజధానికి 1858లో నిర్బంధ శ్రమ చట్టం వచ్చింది. ఆనవాయితీగా చేయవలసిన చెరువు పనికి రానివాడి నుంచి ఆ పని విలువకు రెట్టింపు రాబట్టవచ్చని అందులో రాశారు. ఇనాము పోగొట్టుకుంటామన్న భయంతో సాగిన పని జరిమానా బెదిరింపుతో సాగలేదు. ఇనాములు ఒక్కొక్కటే రద్దయ్యాక చెరువు సర్కారుదైంది, చాకిరి మాత్రం ఎవరిదీ కాకుండా పోయింది.

ఆ ఖాళీలోకే గుర్రపుడెక్క, తూటికాడ, జమ్ము దూరాయి. పత్తికి, మిరపకు వేసిన యూరియా, డీఏపీ వానకు కొట్టుకొచ్చి చెరువులో చేరితే, పైరుకు అందని బలం కలుపుకు అందుతుంది. గుర్రపుడెక్కను లాగి గట్టున పడేస్తే సరిపోదు. చిన్న పిలక నీళ్లలో మిగిలినా మళ్లీ అల్లుకుంటుంది. పైగా తేలుతూ వెళ్లి అలుగుకు అడ్డం పడితే వరద కట్ట మీదికి ఎక్కుతుంది. నాచుకు మైలుతుత్తం మందేగానీ మోతాదు మించితే చేపలు చస్తాయి.

అదే గుండ్లకమ్మ మీద దిగువన మల్లవరం దగ్గర కట్టిన రిజర్వాయరు 2008లో ప్రారంభమైంది. 2022లో ఒక గేటు, 2023 డిసెంబరులో ఇంకో గేటు కొట్టుకుపోయాయి. సాగుకు దాచిన నీరు సముద్రం పాలైంది. అప్పటికి ఆ ఆనకట్ట వయసు పదిహేనేళ్లు, ఎగువన కంభం కట్ట వయసు వందల ఏళ్లు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే బాధ కలుగుతుంది.

1997లో రైతుల చేతికే మళ్లీ యాజమాన్యం ఇస్తామని చట్టం చేసి నీటి వినియోగదారుల సంఘాలు పెట్టారు. మధ్యలో చాలా ఏళ్లు ఎన్నికల్లేక పడి ఉన్న సంఘాలకు 2024 డిసెంబరులో తిరిగి ఎన్నికలు జరిగాయి. కంప నరకాలన్నా, పూడిక ఎత్తాలన్నా, తూము పలకకు గ్రీజు పెట్టాలన్నా వేసవి ఒక్కటే అదను. నీటితీరువాలో సంఘం వాటా మార్చిలోగా చేతికందితే ఆ పనులన్నీ అవుతాయి. తొలకరి పడ్డాక వచ్చే డబ్బుతో బుంగలకు ఇసుక బస్తాలు మాత్రమే వేయగలరు.