మా ఒడ్డుకొచ్చే తాబేళ్లు

మాది ఒడిశాలోని గంజాం జిల్లా. ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి మా ఊరు దగ్గరే. ఈ తీరంలో వేట మీద బతికేవాళ్లలో చాలామంది మన తెలుగువాళ్లే.

దాదాపు ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలకు వేలుగా ఇక్కడికొస్తాయి. ఒక్కో తల్లి ఇసుకలో గొయ్యి తీసి, వంద దాకా గుడ్లు పెట్టి, కప్పేసి వెళ్లిపోతుంది. ఈ సంగతి 1994లో శాస్త్రవేత్తల దృష్టికి వచ్చింది. మా పెద్దలకు అంతకు ముందే తెలుసు. ఒకప్పుడు ఆ గుడ్లు తినేవాళ్లమని మా తాత దాచకుండా చెప్తాడు.

మార్పు కూడా ఊళ్లలోంచే వచ్చింది. పురుణబంధ కుర్రాళ్లు ఋషికుల్య సముద్ర తాబేళ్ల రక్షణ సమితిగా ఏర్పడ్డారు. కుక్కలు, నక్కలు గుడ్లు తవ్వకుండా రాత్రిళ్లు కాపలా కాశారు. నలభై అయిదు, యాభై రోజులకు పిల్లలు పైకొస్తాయి. వెలుగున్న వైపే నడవడం వాటి గుణం. దీపాలు చూసి ఊరివైపు వచ్చేసినవాటిని బకెట్లలో ఏరి సముద్రంలో వదులుతారు.

అయితే ఇందులో కష్టమూ ఉంది. నవంబరు 1 నుంచి మే 31 దాకా నదీముఖం దగ్గర 20 కిలోమీటర్ల మేర మర పడవల వేట నిషేధం. ఆ ఏడు నెలలూ ఇల్లు గడవడం కష్టమే.

"మరెందుకు ఒప్పుకున్నారు తాతా?" అని అడిగాను.

"గుడ్లన్నీ మనమే తినేస్తే రేపు ఒడ్డుకి ఏటొస్తాదిరా?" అన్నాడు.

తాబేళ్లను కాపాడేవాళ్ల పొయ్యి కూడా వెలగాలి కదా! ఆ సంగతీ అందరూ ఆలోచించాలి. మీరు మా ఒడ్డుకొస్తే మాత్రం రాత్రిపూట టార్చి వెయ్యకండి.