పాలమూరు పిల్లల చూపును లెక్కపెట్టిన ఏడాది

మన ఇళ్లలో పిల్లల కళ్ల జబ్బుల్లో అందరికీ తెలిసిన పేరు ఒకటే, రేచీకటి. రే అంటే రాత్రి. దీపాలు పెట్టే వేళకు గడప తట్టుకుని పడే పిల్లను చూసి మన అవ్వలు ఆ మాట వాడేవాళ్లు. దానికి మందు కూడా వాళ్ల దగ్గరే ఉండేది. మేక కార్జం కాల్చి పెట్టు, మునగాకు వండి పెట్టు అనేవాళ్లు. డాక్టర్లు విటమిన్ ఏ లోపం అంటారు. ఆ విటమిన్ కార్జంలో దండిగా ఉంటుంది, కాబట్టి అవ్వలు చెప్పింది తప్పేం కాదు.

అది ముదిరితే రాత్రి చూపుతో ఆగదు. కంటి నల్లగుడ్డు మీది పొర ఎండిపోయి, పుండై, ఉన్న చూపంతా పోతుంది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధకులు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న పిల్లలకు పెద్ద మోతాదులో విటమిన్ ఏ పట్టించి ఫలితం చూశారు. 1970లో దేశమంతటా ఆ కార్యక్రమం మొదలైంది. అంగన్‌వాడీలో ఆరు నెలలకోసారి చెంచాతో పోసే నూనెలాంటి మందు అదే. పిల్లలు ముక్కు మూసుకుని మింగుతుంటే మనమూ చూశాం కదా.

ఇంతవరకు బాగుంది. కానీ బోర్డు మీది అక్షరాలు కనబడని పిల్ల సంగతేంటి? దానికి ఇంట్లో పేరే లేదు. పాఠ్యపుస్తకంలో హ్రస్వదృష్టి అని ఉంటుంది, బీఏ తెలుగు చదివిన నేను కూడా ఇంట్లో ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఈరోజుకీ మనం "వాడికి సైట్ వచ్చింది" అనే అంటాం. పేరు లేని జబ్బు ఉన్న పిల్లలకు వేరే పేర్లు పడ్డాయి. మొద్దు, పరాకు, చదువు మీద ధ్యాస లేదు. బడిలో సారు అన్నాడు, ఇంట్లో మనమూ అన్నాం.

ఆ పిల్లలను మన జిల్లాలోనే ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టారు. ఇది మన కొల్లాపూర్ వాళ్లకు కూడా పెద్దగా తెలియదు.

అప్పటికి మనది ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా. హైదరాబాదులో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో మొదలుపెట్టిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు 1996 నుంచి 2000 దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక పెద్ద సర్వే చేశారు. హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మన మహబూబ్‌నగర్, ఈ నాలుగు చోట్లా కలిపి 10,293 మంది కళ్లు చూశారు. అందులో అన్ని వయసుల వాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత పిల్లల కోసమే ఇంకొక సర్వే మన జిల్లా పల్లెల్లో జరిగింది. 2000 ఏప్రిల్ నుంచి 2001 ఫిబ్రవరి వరకు 25 పల్లె సమూహాలలో 7 నుంచి 15 ఏళ్ల పిల్లలను 4,414 మందిని రాసుకున్నారు. వాళ్లలో 4,074 మందిని జిల్లాలోనే ఉన్న గ్రామీణ కంటి కేంద్రానికి రప్పించి పరీక్ష చేశారు. ఫలితాలు 2002లో అచ్చయ్యాయి. రాసిన వాళ్లలో మొదటి పేరు రాఖీ దండోనా, ఒక మహిళా శాస్త్రవేత్తది.

బడికి పోని పిల్లలను కూడా లెక్కలోకి తీసుకోవడమే ఇందులో నాకు నచ్చిన సంగతి. బడిలోనే చూస్తే, వలస పోయే తల్లిదండ్రుల వెంట తిరిగే పిల్లలు, పశువుల వెంట పోయే పిల్లలు ఎవరికీ కనబడరు. పాలమూరులో అలాంటి వాళ్లు ఎందరో మీకు వేరే చెప్పాలా?

చదువు రాని పిల్లకు అక్షరాల చార్టు చూపిస్తే ఏం చెబుతుంది? 1862లో నెదర్లాండ్స్ డాక్టరు స్నెల్లెన్ తయారుచేసిన చార్టు చదువుకున్న వాళ్ల కోసం. ఈ సర్వేలో ఇంగ్లీషు ఈ అక్షరం ఒక్కటే నాలుగు దిక్కులకూ తిప్పి రాసిన చార్టు పెట్టారు. దాని కాళ్లు ఎటు ఉన్నాయో పిల్ల చేత్తో చూపిస్తే చాలు.

ఇప్పుడు అంకెలు చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి. మంచి కంటితో చూసినా చూపు ఆరు బై పన్నెండు, లేదా అంతకంటే తక్కువ ఉన్న పిల్లలు 2.7 శాతం. అంటే మామూలు కన్ను 12 మీటర్ల దూరం నుంచి చదివేది వీళ్లు 6 మీటర్ల దగ్గరికి వస్తే గాని చదవలేరు. కళ్లజోడు ఉన్నవాళ్లకు అది పెట్టించి చూస్తే 2.6 శాతం. సరైన అద్దాలు పెట్టి చూస్తే 0.78 శాతం. తలల లెక్కలోకి మార్చి చూశాను. సుమారు 110 మందికి చూపు తక్కువ. అప్పటికే ఉన్న కళ్లజోళ్ల వల్ల ఆ లెక్కలోంచి బయటపడ్డది నలుగురు. సరైన అద్దాలు ఇస్తే బయటపడగలిగిన వాళ్లు 78 మంది దాకా. మందు లేదు, ఆపరేషన్ లేదు, ముక్కు మీద రెండు గాజు బిళ్లలు. అవి లేవంతే.

సుమారు అదే కాలంలో ఢిల్లీ పిల్లలకూ ఇదే పద్ధతిలో పరీక్ష చేశారు. అక్కడ దూరం కనబడని సైట్, అంటే మయోపియా, 7.4 శాతం పిల్లలకు ఉంది. మన పల్లెల్లో 4.1 శాతమే. తండ్రి ఎక్కువ చదువుకున్న ఇళ్లలో పిల్లలకు మయోపియా ఎక్కువని మన జిల్లా సర్వేలోనే తేలింది. కారణం అదేనని ఆ అంకెలతోనే తేల్చలేం గానీ, ఎండ వెలుతురులో ఆడుకునే పిల్లలకు సైట్ తక్కువగా వస్తుందని ఆ తర్వాత వేరే దేశాల పరిశోధనలు చెప్పాయి. తైవాన్‌లో 2010 నుంచి బడిపిల్లలను రోజుకు రెండు గంటలు ఆరుబయట ఉంచాలని కార్యక్రమమే పెట్టారు. మన మామిడి తోటల్లో కోతికొమ్మచ్చి ఆడిన పిల్లలకు ఆ రెండు గంటలు ఎవరూ చెప్పకుండానే దొరికేవి.

చూపు తగ్గిన కళ్లలో 61 శాతానికి కారణం అద్దాలతో సరిచేయగల లోపమే. ఇంకొక 12 శాతానికి సోమరి కన్ను. ఇది తల్లులు ప్రత్యేకంగా గమనించాల్సింది, ఎందుకంటే పిల్ల చెప్పదు. ఒక కన్ను బాగానే ఉంటుంది, దాంతో అన్నీ చూసేస్తుంది. రెండో కన్ను పంపే మసక బొమ్మను మెదడు పక్కన పెట్టేస్తుంది. ఏడెనిమిదేళ్ల లోపల కనిపెట్టి అద్దాలు ఇచ్చి, మంచి కన్నును రోజుకు కొన్ని గంటలు మూసి ఉంచితే బలహీన కన్ను పని నేర్చుకుంటుంది. ఆలస్యమయ్యే కొద్దీ కష్టం. ఒక్కో కన్ను విడిగా మూసి, గోడ మీది క్యాలెండర్ చదవమంటే ఇంట్లోనే అనుమానం పట్టుకోవచ్చు. మెల్లకన్ను అదృష్టం అంటారు మన దగ్గర. ఆ అదృష్టాన్ని నమ్ముకుని కూర్చుంటే సోమరి కన్ను కూడా రావచ్చు. పరీక్షలో చుక్కలు వేస్తామంటే వద్దనకండి. పిల్లల కంటి కండరం గట్టిది, అది లోపాన్ని దాచేస్తుంది. చుక్కలతో అది వదులైతేనే అసలు పవర్ తెలుస్తుంది.

తర్వాత ప్రభుత్వాలూ కదిలాయి. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు మొదలైంది. ఊరూరా శిబిరం పెట్టి అద్దాలు ఇచ్చారు. 2023 జనవరిలో ఖమ్మంలో రెండో విడత ప్రారంభించారు. ఆంధ్రలో 2019 అక్టోబరులో మొదలుపెట్టినప్పుడు ముందు బడిపిల్లలకే చేశారు. నాకైతే ఆ వరుసే బాగుందనిపించింది. మన నాగర్‌కర్నూల్ దగ్గర తూడుకుర్తిలో ఎల్.వి. ప్రసాద్ వాళ్ల కేంద్రం కూడా ఉంది, ప్రతిదానికీ పట్నం బస్సు ఎక్కక్కర్లేదు.

చివరిగా ఆ సర్వేలోని ఇంకొక మాట. మయోపియా మగపిల్లల కంటే ఆడపిల్లల్లో ఎక్కువగా కనబడింది. కళ్లజోడు ఉన్న పిల్లను ఎవరు చేసుకుంటారని అద్దాలు తీయించి పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టిన ఇళ్లు నాకు తెలుసు. వచ్చినవాళ్ల ముఖం కూడా ఆ పిల్లకు సరిగా కనబడి ఉండదు. సంస్కృతం నుంచి వచ్చిన మాటతో తెలుగులో కళ్లజోడును సులోచనాలు అన్నారు, మంచి కళ్లు అని. బడిలో మాత్రం సోడాబుడ్డి అంటారు. 2000లో తూకంలా చేయి తిప్పి ఈ కాళ్లు ఎటున్నాయో చూపించిన ఏడేళ్ల పాప 1993 ప్రాంతంలో పుట్టి ఉంటుంది. ఇప్పుడు ఆమె పిల్లలే మన పిల్లల పక్క బెంచీలో కూర్చుని ఉంటారు.