సముద్ర అక్వేరియం: పెద్ద ట్యాంకులోకి మార్పు

ఉప్పునీటి అక్వేరియంలోని చేపలను, పగడాలను, రాళ్లను, ఫిల్టర్ సామగ్రిని అంతకంటే పెద్ద ట్యాంకులోకి తరలించే ప్రక్రియ ఇది. చేపలు ఎదిగి ఈదడానికి చోటు చాలకపోవడం, పక్కపక్కనే పెరిగిన పగడాలు ఒకదాన్నొకటి కుట్టి చంపుకోవడం, కొద్దిపాటి నీటిలో వేడి, ఉప్పదనం త్వరత్వరగా మారిపోవడం ఇందుకు సాధారణ కారణాలు. నీరు ఎక్కువైన కొద్దీ ఈ మార్పులు నెమ్మదిస్తాయి కాబట్టి పెద్ద ట్యాంకును నిలకడగా నడపడమే తేలిక. ప్రమాదమంతా మార్చే రోజున, ఆ తర్వాతి వారం పది రోజుల్లో ఉంటుంది.

నిజానికి జాగ్రత్తగా తరలించవలసింది నీటిని కాదు, బాక్టీరియాను. చేపల విసర్జన నుంచి, మిగిలిపోయిన మేత నుంచి పుట్టే అమ్మోనియాను ఒక రకం బాక్టీరియా నైట్రైటుగా, మరో రకం నైట్రేటుగా మారుస్తాయి. ఇవి నీటిలో తేలుతూ ఉండేది చాలా తక్కువ. రాళ్లకు, ఇసుక రేణువులకు, ఫిల్టర్ స్పాంజికి అంటుకుని బతుకుతాయి. పాత నీరంతా పోసేస్తే కొత్త ట్యాంకు సిద్ధమైనట్టేనన్న నమ్మకం అందుకే పొరపాటు. ఇలా జీవులు పట్టిన రాయిని, అంటే లైవ్ రాక్‌ను, నీటిశుద్ధికి ఆధారం చేసుకునే పద్ధతిని ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ 1960ల మొదట్లో ప్రచారంలోకి తెచ్చారు. ఆ రాయి తడి ఆరకుండా కొత్త ట్యాంకు చేరితే సగం పని అయినట్టే. రాయిని ఎక్కువసేపు గాలిలో ఉంచితే దానిమీది స్పాంజి జీవులు చచ్చి, కుళ్లి, కొత్తగా అమ్మోనియాను పుట్టిస్తాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు గల ట్యాంకులో సుమారు 180 లీటర్లు పడతాయి. దాన్ని 120, 60, 60 కొలతల ట్యాంకుకు మారిస్తే సామర్థ్యం 432 లీటర్లకు చేరుతుంది. నీటి బరువే 440 కిలోల పైచిలుకు. గాజు, రాళ్లు, ఇసుక, స్టాండు కలిపితే అర టన్ను సునాయాసంగా దాటుతుంది. అపార్టుమెంట్లలో దీన్ని బాల్కనీలోనో గది నడిమధ్యనో కాక, కింద బీము ఉన్న గోడ వారగా పెట్టాలి. సందేహముంటే ఇంజనీరును అడగాలి. ముందుగా మామూలు నీటితో నింపి, రెండు రోజులు ఉంచి, అతుకుల దగ్గర కారుతోందేమో చూసుకోవాలి.

ఈ ఉదాహరణలో అదనంగా సుమారు 250 లీటర్ల ఉప్పునీరు కావాలి. తెలుగు నేలలో చాలాచోట్ల బోరు నీరు బాగా కఠినం, కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. కాబట్టి ఆర్‌ఓ నీరే వాడాలి. కిలో సముద్రపు నీటిలో సగటున 35 గ్రాముల లవణాలుంటాయి. ఆ లెక్కన దాదాపు 9 కిలోల అక్వేరియం ఉప్పు పడుతుంది. వంటింటి కల్లుప్పు ఇందుకు పనికిరాదు. పగడాలకు కావలసిన కాల్షియం, మెగ్నీషియం అందులో తగిన పాళ్లలో ఉండవు. నీటిలో ఉప్పు వేయాలే తప్ప ఉప్పు మీద నీరు పోయకూడదు. పోస్తే కాల్షియం తెల్లగా గడ్డకట్టి అడుగున పేరుకుంటుంది. పంపు, హీటరు పెట్టి ఒక రోజంతా కలియనిచ్చాక రిఫ్రాక్టోమీటరుతో ఉప్పదనాన్ని కొలవాలి. ఇక్కడ సరిపోల్చవలసింది పుస్తకంలోని ఆదర్శ అంకెతో కాదు, పాత ట్యాంకుతో. అక్కడ 33 ఉంటే ఇక్కడా 33 దగ్గరే మొదలుపెట్టి, కొన్ని వారాల్లో 35కు తేవాలి. 1930లో షికాగోలో షెడ్ అక్వేరియం తెరిచినప్పుడు ఫ్లోరిడాలోని కీ వెస్ట్ నుంచి పది లక్షల గ్యాలన్ల సముద్రపు నీటిని రైలు ట్యాంకర్లలో తెప్పించుకోవలసి వచ్చింది. నేడు బకెట్‌లో ఉప్పు కలుపుకుంటే చాలు.

మార్పిడిలో చేపలను ఎక్కువగా బలిగొనేది పాత ఇసుకే. ఏళ్ల తరబడి కదలని ఇసుక అడుగున ఆక్సిజన్ అందక నల్లటి చారలు ఏర్పడతాయి. కెలికితే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్, చేపలకు విషం. గుప్పెడు పాత ఇసుకను బకెట్ నీటిలో వేసి తిప్పితే చాలు, నీరు క్షణంలో గోధుమరంగు బురదవుతుంది. ఆ మడ్డి అంతా ఒకేసారి కొత్త ట్యాంకులో కలిస్తే, అక్కడి బాక్టీరియా తట్టుకోలేనంత అమ్మోనియా పుడుతుంది. కొత్త ఇసుక వేసి, పాతదాని పైపొర నుంచి ఒకటి రెండు గిన్నెలు మాత్రమే విత్తుగా చల్లడం అన్నిటికంటే భద్రమైన మార్గం. పాత ఇసుకే వాడాలనుకుంటే ఉప్పునీటితో, తేట నీరు వచ్చేదాకా కడగాలి.

మార్చే రోజున వరుస తప్పకూడదు. ముందు ఇసుక కదపకుండా పై నీటిని పైపుతో డ్రమ్ముల్లోకి తోడాలి. పగడాలున్న రాళ్లను ఆ నీటిలోనే ముంచి ఉంచి, హీటరు, గాలి పంపు పెట్టాలి. బ్యాటరీ గాలి పంపు ఒకటి దగ్గరుంటే కరెంటు పోయినా భయం లేదు. సీ అనిమోన్‌ను రాయి నుంచి లాగకూడదు, పాదం చిరిగితే బతకడం కష్టం. రాయితో సహా ఎత్తాలి. చేపలను చివర పట్టాలి. రాళ్లన్నీ తీసి, నీరు జానెడు లోతుకు దిగాక వాటికి దాక్కునే చోటుండదు. ఏంజెల్ చేపల చెంప ముళ్లు వలలో చిక్కుకుంటాయి కనుక ప్లాస్టిక్ డబ్బాతో పట్టడం మేలు. ఫైర్‌ఫిష్, రాస్ వంటివి బకెట్లోంచి ఎగిరి పడతాయి, మూత తప్పనిసరి. కొత్త ట్యాంకులో రాళ్లను ముందు గాజు అడుగున నిలిపి, తర్వాత ఇసుక పోయాలి. ఇసుక తవ్వే రొయ్యలు కింద తొలిచినా గుట్ట కూలదు.

తర్వాతి వారం రోజూ అమ్మోనియా పరీక్షించాలి. ఏ మాత్రం కనిపించినా మేత తగ్గించి, కొంత నీరు మార్చాలి. కొత్త దీపాలు ప్రకాశవంతమైనవైతే మొదట సగం వెలుగుతో నడపాలి, లేదంటే పగడాలు రంగు కోల్పోతాయి.

చోటు పెరిగింది కదా అని వెంటనే కొత్త చేపలను వేయడం తగదు. ఉన్న బాక్టీరియా ఉన్న చేపలకే సరిపోతుంది. పాత ట్యాంకును అమ్మకుండా క్వారంటైన్‌కు ఉంచుకుంటే, కొత్త చేపల వెంట వచ్చే తెల్లమచ్చల వ్యాధి ప్రధాన ట్యాంకు చేరదు. రాతి పగడాలు, సముద్రపు గుర్రాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందినవి. మన సముద్రం నుంచి వాటిని తీయకూడదు, అలా తీసినవాటిని కొనకూడదు. క్లౌన్ చేపలను హేచరీలో పుట్టించే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పుడో రూపొందించింది. కొనేటప్పుడు హేచరీ చేపలనే అడగండి.