మఫ్టీలో వచ్చినవాళ్ల పేరు

పోలీసులు మామూలు బట్టల్లో వస్తే మన ఊళ్లలో "మఫ్టీలో వచ్చారు" అంటారు. మఫ్టీ బ్రిటిషు సైన్యం నాటి మాట. మనిషిని తీసుకుపోయినవాళ్లు పోలీసులో కాదో, ఏ స్టేషను వాళ్లో తెలియకపోతే ఇంటివాళ్లు కొండ దిగి ఎక్కడికని పోతారు? హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేసినా "మా దగ్గర లేడు" అనడం తేలిక.

ఈ చిక్కు మీద సుప్రీంకోర్టు గట్టిగా పలకడానికి ఒక ఉత్తరం కారణం. పశ్చిమ బెంగాల్‌లో న్యాయ సహాయ సంస్థకు చెందిన డి.కె. బసు, లాకప్ మరణాల గురించి పత్రికల్లో వచ్చిన వార్తలు చూపుతూ 1986 ఆగస్టులో ప్రధాన న్యాయమూర్తికి రాశారు. కోర్టు దాన్నే రిట్‌గా తీసుకుంది. తీర్పు రావడానికి పదేళ్లు పట్టింది: 1996 డిసెంబరు 18. అందులోని 11 నియమాల్లో మొదటిది, అరెస్టు చేసే పోలీసు తన పేరు, హోదా స్పష్టంగా కనబడేలా పెట్టుకోవాలని. రెండోది అరెస్టు మెమో. దాని మీద ఇంటి మనిషో, ఊరి పెద్దమనిషో సాక్షిగా సంతకం చేయాలి. మఫ్టీకి మినహాయింపు రాయలేదు. నిఘాకు మారువేషం కావాలంటే సరే, భుజం మీద చెయ్యి వేశాక ఇంకా దాపరికం దేనికి?

2010 నవంబరులో ఇది 41బి సెక్షనుగా అమల్లోకి వచ్చింది. 2024 జూలై నుంచి కొత్త చట్టంలో 36వ సెక్షను. ఈ నియమాలను రేడియోలో వినిపించి, స్థానిక భాషలో కరపత్రాలు పంచితే మేలని ఆ తీర్పులోనే ఉంది. కోయ, గోండి, సవర, కువి కూడా స్థానిక భాషలే.