సైబీరియన్ ఎల్మ్: తొందరలో నాటిన చెట్టు

మా గుడి వెనక కంచె దగ్గర ఒక పెద్ద చెట్టు ఉంది. వసంతంలో దాని గింజలు పార్కింగ్ అంతా పరుచుకుంటాయి. ఊడ్చి ఊడ్చి విసిగిపోయి, "ఈ చెట్టు కొట్టేద్దాం" అని నేనే అన్నాను. తర్వాత దాని చరిత్ర చదివాను.

దాని పేరు సైబీరియన్ ఎల్మ్. కొందరు చైనీస్ ఎల్మ్ అంటారు, కానీ అది వేరే చెట్టు. ఇది పుట్టిన చోటు ఉత్తర చైనా, మంగోలియా, తూర్పు సైబీరియా. అమెరికా వ్యవసాయ శాఖ కోసం చైనాలో మొక్కలు వెతికిన ఫ్రాంక్ మేయర్ 20వ శతాబ్దం మొదట్లో దీని గింజలు ఇక్కడికి పంపాడు.

1930లలో గ్రేట్ ప్లెయిన్స్‌లో వానలు పడలేదు. అంతకు ముందే రైతులు గడ్డి నేలను దున్నేశారు. అందుకే మట్టి గాలికి లేచిపోయింది. 1935 ఏప్రిల్ 14న దుమ్ము తుఫాను వచ్చి పట్టపగలే చీకటి పడింది. ఆ రోజును బ్లాక్ సండే అంటారు.

గాలిని ఆపడానికి రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1934 నుంచి 1942 దాకా ఒక పెద్ద పని చేసింది. నార్త్ డకోటా నుంచి టెక్సస్ వరకు పొలాల పక్కన వరుసలుగా సుమారు 22 కోట్ల చెట్లు నాటించింది. వాటిలో ఈ ఎల్మ్ కూడా ఉంది. ఇది చలికి, కరువుకి, చెడ్డ నేలకి తట్టుకుంటుంది. త్వరగా పెరుగుతుంది. అమెరికన్ ఎల్మ్‌లను చంపిన డచ్ ఎల్మ్ తెగులును కూడా బాగా తట్టుకుంటుంది.

ఆ మంచి గుణాలే తర్వాత ఇబ్బంది అయ్యాయి. త్వరగా పెరిగిన కొమ్మలు పెళుసు. మంచు పేరుకున్నా, గట్టి గాలి వీచినా విరుగుతాయి. ఆకులను పురుగులు తినేస్తాయి. గింజలు ఎగిరి ఖాళీ నేల ఎక్కడ ఉంటే అక్కడ మొలుస్తాయి. కొట్టినా మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది. ఇప్పుడు చాలాచోట్ల దీన్ని కలుపు అంటున్నారు.

మన ఊళ్లలో ఉండే నెమలినార కూడా ఎల్మ్ కుటుంబమే. దాని గింజ చుట్టూ కూడా ఇలాగే పలచని రెక్క ఉంటుంది.

తప్పు చెట్టుది కాదు. అవసరం తొందరపెట్టింది, మనుషులు నాటారు. అందుకే కమిటీలో నా మాట మార్చుకున్నాను. ముందు పక్కన ఒక బర్ ఓక్ నాటుదాం. అది నెమ్మదిగా పెరుగుతుంది. దాని నీడ వచ్చాక ఎల్మ్ సంగతి చూద్దాం. అప్పటిదాకా చీపురు నేను పడతాను.

నేటి మాటలు: తెగులు (మొక్కలకు వచ్చే జబ్బు), పెళుసు (సులువుగా విరిగేది), కలుపు (మనం కోరకుండా పెరిగే మొక్క).