నవజాత శిశువుల కామెర్లు, తల్లిపాలు

రక్తంలో బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పెరిగి పుట్టిన బిడ్డ కళ్లు, చర్మం పచ్చబడే స్థితి ఇది. నెలలు నిండి పుట్టినవారిలో సుమారు 60 శాతం మందిలో కనిపిస్తుంది. సాధారణంగా 2-3వ రోజున మొదలై రెండు వారాల్లో తగ్గుతుంది.

తల్లిపాలతో సంబంధం: మొదటి వారంలో పాలు చాలకపోతే విరేచనాలు తగ్గి, బిలిరుబిన్ పేగుల నుంచి తిరిగి రక్తంలో చేరుతుంది. రోజుకు 8-12 సార్లు పాలివ్వడమే దీనికి విరుగుడు. బాగా తాగి బరువు పెరుగుతున్న బిడ్డలో ఆ తర్వాతా నిలిచే ‘తల్లిపాల కామెర్లు’ 12 వారాల దాకా ఉండవచ్చు. సాధారణంగా హాని చేయవు. పాలు మాన్పించనక్కర్లేదు.

అనంతపురంలో: వేసవి ఎండ 40 డిగ్రీలు దాటే ఈ కరువు సీమలోనూ బిడ్డకు విడిగా నీళ్లు పట్టకూడదు, తల్లిపాలలో సుమారు 88 శాతం నీరే. పంచదార నీళ్లు, ఆకు పసర్లు, ఎండలో పడుకోబెట్టడం చికిత్స కావు.

చికిత్స: నీలికాంతి సోకితే బిలిరుబిన్ తేలిగ్గా విసర్జన అయ్యే రూపంలోకి మారుతుంది. 2011 నాటి జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో ఈ వైద్యం ఉచితం.

ప్రమాద సూచనలు: తొలి 24 గంటల్లోనే పచ్చబడటం, అరికాళ్ల దాకా పాకడం, పాలు తాగక మగతగా ఉండటం, తెల్లని మలం. చికిత్స ఆలస్యమైతే చెవుడు, మెదడుకు శాశ్వత హాని కలగవచ్చు.